రాతి మీద ఖాళీ వరస

ఆదివారం బావి దగ్గర ఊరు కట్టినవాళ్ళ పేర్ల రాయి నిలబెట్టేలోపు కావలసిన పనులు ఇవి. పిడుగురాళ్ల వెళ్ళి రాతి మీద చెక్కిన పేర్లు ఒక్కొక్కటీ సరిచూడాలి. రాయి దింపడానికి ట్రాక్టరూ, బరువు మోయగల మనుషులూ కావాలి. బావి చుట్టూ పెరిగిన సర్కారు తుమ్మ కొట్టించి, గట్టుకి సున్నం వేయించాలి. షామియానా వాడికి ఇంకోసారి ఫోన్ చెయ్యాలి. మొన్న సరేనన్నాడు గాని ఆ సరే నమ్మేలా లేదు. పాస్టరు గారినీ పూజారి గారినీ ఇద్దర్నీ పిలవాలి, ముందెవరు మాట్లాడతారో వాళ్ళకే వదిలెయ్యాలి. బడిపిల్లల చేత పాట ఒకసారి పాడించి చూసుకోవాలి. బావి తవ్విన మనిషి పేరు కనుక్కోవాలి.

చివరిది తప్ప మిగతావన్నీ ఎలాగోలా అయ్యేవే. ఆ చివరి పని మాత్రం సంతోషకుమారి మెడకి ఏళ్ళ తరబడి వేలాడుతూనే ఉంది.

ఆవిడ రేగడిపాలెం హైస్కూల్లో సోషల్ టీచరు. ఊరి చివర క్రైస్తవుల పల్లెలో డిగ్రీ చదివిన మొదటి మనిషి. బడి వదిలాక ఆవిడ చేసే పని ఒక్కటే, ఊరి చరిత్ర పోగెయ్యడం. సాగర్ కాలవ వస్తుందని విని, తుమ్మ అడవి తప్ప ఏమీ లేని ఈ నల్లరేగట్లోకి ముందుగా బండ్లు కట్టుకొచ్చిన కుటుంబాలేవి, ఎవరు ఎక్కడ గుడిసె వేశారు, మొదటి పత్తి చేను ఎవరిది, మొదటి కాన్పు ఎవరి గుడిసెలో అయింది, అన్నీ ఆవిడ దగ్గరున్నాయి. వాటిని రాబట్టడానికి ఆవిడదో పద్ధతి. కుర్చీ వేసి కూర్చోబెట్టి అడిగితే "మాకేం తెలుసు టీచరమ్మా" అంటారు. అందుకని ఫిబ్రవరి, మార్చి వస్తే మిరప కల్లాల్లోకి పోతుంది. ఆడవాళ్ళ పక్కన చతికిలబడి, ఎర్ర కాయల్లోంచి తెల్లబడ్డ తాలు కాయలు ఏరుతూ ఉంటుంది. కాసేపటికి తుమ్ముల మధ్యలోంచి మాటలు వాటంతటవే వస్తాయి.

ఆ మాటల్లో ఎక్కడా దొరకనిది ఆ ఒక్క పేరే. ఎవరినడిగినా "వడ్డె కుర్రాడు. పాపం, ఒడ్డు విరిగి మీద పడింది" అంటారు. పేరేమిటంటే పక్కవాళ్ళ మొహం చూస్తారు. ఊరంతా ఇప్పుడు క్యాన్ల నీళ్ళే తాగుతోంది. అయినా కందిపప్పు ఉడకాలంటే ఈ రోజుకీ ఆ బావి నీళ్ళే పొయ్యాలి.

*

మంగళవారం మొదటి బస్సుకే బయల్దేరి, వినుకొండ మీదుగా పిడుగురాళ్ల చేరింది. రాయి చెక్కుతున్న గౌస్ బాషా షెడ్డు రైలు గేటు అవతల. తలకి తువ్వాలు, ముక్కుకి గుడ్డ, కనుబొమల దాకా తెల్లటి దుమ్ము.

"రండి మేడమ్. మీ ఊరిని గోడకి ఆనించి పెట్టాను" అన్నాడు.

రాయి ఆవిడ కంటే ఎత్తుంది. సంతోషకుమారి చదవలేదు, తడిమింది. ప్రతి అక్షరం గాట్లోనూ వేలు పెట్టి, పైనుంచి కిందికి వచ్చింది. భూములు కొనుక్కున్నవాళ్ళ పేర్ల కిందే, వాళ్ళతో పాటు నడిచొచ్చి తుమ్మ మొద్దులు పెకలించినవాళ్ళ పేర్లూ ఉన్నాయి. ఆ రెండో సగం రాతి మీదికి రావడానికి ఊళ్ళో రెండు మీటింగులయ్యాయి. మల్లెల దానియేలు అన్న పేరు దగ్గర ఆవిడ వేలు కాసేపు ఆగింది. ఆయన ఆవిడ తాత.

అన్నిటికంటే కింద "బావి తవ్వినవారు" అని ఉంది. దాని పక్కన నున్నటి రాయి.

"ఈ వరస సంగతి తేల్చండి మేడమ్. మీ ఊరి పెద్ద చెంచురామయ్య గారు ఫోన్ చేశారు, 'ఒక వడ్డె కూలీ' అని చెక్కెయ్యమన్నారు."

"చెక్కావా?"

"మీరు వచ్చి నా ఉలి లాక్కుంటారని ఆగాను. కానీ శుక్రవారం సాయంత్రానికి ఏదో ఒకటి చెప్పాలి. శనివారం పొద్దున్నే బండెక్కించాలి."

గౌస్ బాషా ముక్కు మీది గుడ్డ కిందికి లాగాడు.

"ఒక సంగతి చెప్పనా? మా దగ్గర రాళ్ళు కొట్టే నాగజ్యోతి అనే పిల్ల ఉంది. మొన్న ఈ రాయి చూసి, మీ ఊరి పేరు వాళ్ళ నాయనమ్మకి చెప్పిందంట. ముసలామె ఆ పూట అన్నం ముట్టలేదంట. ఏమైందే అంటే, 'ఆ ఊళ్ళో నేను మోకు లాగాను' అందంట."

*

సున్నపు బట్టీల వెనక రేకుల ఇల్లు. వాకిట్లో నాగజ్యోతి నాయనమ్మ పేరమ్మ కాళ్ళు బారజాపుకొని, చిరిగిన ప్లాస్టిక్ గోతాల పోగులు తీసి తాడు పేనుతోంది. ఎనభై దాటిన మనిషి. మొహమంతా ముడతలే గాని వేళ్ళు మాత్రం చురుగ్గా కదులుతున్నాయి. నాగజ్యోతి కుర్చీ తెచ్చి వేసింది. సంతోషకుమారి దాన్ని పక్కకి జరిపి కింద కూర్చుంది.

"అవ్వా, నేను రేగడిపాలెం టీచర్ని."

పేరమ్మ ఆమెను ఎగాదిగా చూసి, తాడు రెండో కొస చేతిలో పెట్టింది. "గట్టిగా పట్టుకో. తిరగనీకు."

ఆ తాడు పొడుగునా కథ నడిచింది.

"అప్పుడు రేగడిపాలెం లేదు, గీగడిపాలెం లేదు. కొత్తోళ్ళ గుడిసెలు అనేవోళ్ళు. తాగటానికి మడుగు నీళ్ళు, వాటిలో గొడ్లు పడుకునేవి. ఎక్కడ తవ్వినా ఉప్పే. ఆయన నేలంతా తిరిగి, మట్టి నోట్లో వేసుకొని చూసి, ఇక్కడ అన్నాడు. పైన రేగడి, దాని కింద సుద్ద. సుద్ద దాటితే తియ్యటి నీళ్ళు అన్నాడు. ఆయన దిగి తవ్వేవోడు. నేనూ మా ఆడబిడ్డా పైన మోకు లాగేవాళ్ళం. తట్ట నిండితే ఒకసారి గుంజేవోడు. బీడీ కావాలంటే రెండుసార్లు. అస్తమానం రెండుసార్లే!" అని పళ్ళు లేని నోటితో నవ్వింది. "నీళ్ళు పడితే మూడుసార్లు గుంజుతా చూడు అన్నాడు."

"గుంజాడా?"

"గుంజాడు." పేనడం ఆపలేదు. "నేను కేకేశా. జనమంతా చేలల్లో పనులొదిలేసి పరిగెత్తుకొచ్చారు. ఆడా మగా, పిల్లాజెల్లా. అంతమందీ గట్టెక్కి తొంగి చూశారు. రేగడి గదమ్మా, ఆ బరువుకి ఒడ్డు దిగింది."

ఊళ్ళో ఏ కల్లంలోనూ సంతోషకుమారికి ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. ఒడ్డు దానంతటదే విరిగిందనే అందరూ చెప్పారు.

"ఎవరినీ అనకమ్మా" అంది పేరమ్మ, ఆవిడ మొహం చూసి. "నీళ్ళు పడ్డాయంటే ఎవరాగుతారు? నేనాగానా?"

బట్టీ పొగ వాకిట్లోకి వచ్చి వెళ్ళింది.

"ఆయన పేరేంటి అవ్వా?"

తాడు ఆగింది.

"ఆయనే."

"ఆయనకో పేరుంటుంది కదా."

"ఉండదా మరి? ఉంటది. నా నోట రాదు."

నాగజ్యోతి నవ్వింది. "మా తాత పేరే ఏనాడూ చెప్పలేదు మేడమ్. రేషన్ షాపులో భర్త పేరంటే నావంక చూపిస్తది. ఇంక ముందాయన పేరు చెప్తదా? అసలు ముందో ఆయన ఉన్నాడని మాకే తెలీదు, మొన్న ఆ రాయి సంగతి ఎత్తేదాకా."

"ఆయన తరఫువాళ్ళు ఎవరైనా?"

"ఎవరూ మిగల్లా. ఆడబిడ్డా పోయింది" అంది పేరమ్మ.

సంతోషకుమారి తాడు కొస వదలకుండానే ముందుకి జరిగింది. "నువ్వు చెప్పొద్దులే. నేనే పేర్లు వరసగా చెప్తాను. ఆ పేరు రాగానే తలూపు, చాలు."

"తలూపినా చెప్పినట్టే గదమ్మా. నన్ను మరీ వెర్రిదాన్ని చేస్తన్నావే!" పేరమ్మ ఆవిడ మోకాలి మీద చిన్నగా కొట్టింది. తర్వాత గొంతు తగ్గించింది. "నాది మారుమనువు. ఆ ఇంట్లో పిల్లల్ని కన్నా, మనవళ్ళని చూశా. ఆయనా మంచోడే, నన్ను ఒక్క మాట అనలా. ఇప్పుడు ఇంకొకరి పేరు ఎత్తితే ఆయన్ని తక్కువ చేసినట్టు కాదూ?"

సంతోషకుమారి తాడు కొస పేరమ్మ చేతికి తిరిగి ఇచ్చింది. బస్సు వేళవుతోందని లేచింది. పేరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకొని ఆపింది.

"నీళ్ళు తియ్యగానే ఉన్నాయా?"

"నువ్వు తాగలేదా అవ్వా?"

"ఎక్కడ తాగాను? ఆ సాయంత్రమే మట్టిచేసి, తెల్లారి మమ్మల్ని బండెక్కించి పంపేశారు. తర్వాత ఇంకో మేస్త్రి వచ్చి రాతికట్టు కట్టాడని విన్నా. అంతే."

*

బుధవారం కల్లంలో కాయలు గలగలమంటున్నాయి. అంటే బాగా ఎండినట్టు. సాయంత్రం లోపు టిక్కీ గోతాలకెత్తాలని సంతోషకుమారి తమ్ముడి భార్య క్రిస్టీనా అందరినీ తరుముతోంది. నోటికి గుడ్డ కట్టుకున్నా ఆ నోరు ఊరవతలికి వినిపిస్తుంది.

"వదినా, నువ్వు మంచి కాయల్ని తాల్లో వేస్తన్నావ్. ఇక్కడున్నావా, పిడుగురాళ్లలోనే ఉన్నావా?"

అప్పుడే చెంచురామయ్య చేతికర్ర ఊపుకుంటూ వచ్చాడు. ముందొచ్చిన కుటుంబాల్లో పెద్ద కుటుంబం ఆయనది. బావి తవ్వించింది ఆయన తండ్రి. రాయి కోసం అందరికంటే ఎక్కువ తిరిగిందీ ఆయనే.

"ఏం టీచరమ్మా, దొరికాడా నీ మనిషి?"

"మనిషి దొరికాడండి. పేరు దొరకలేదు."

"అదే నేననేది. పేరు లేనివాడి కోసం పని ఎన్నాళ్ళు ఆపుతాం? కూలీ అని రాస్తే తప్పేముంది? కూలికేగా వచ్చాడు."

"మా తాతా కూలికే వచ్చాడండి. ఆయన్ని దానియేలు అనే రాశాం కదా."

చెంచురామయ్య కర్రతో నేల మీద గీతలు గీశాడు. ఆయన చెడ్డమనిషి కాదు. పల్లె పేర్లు రాతి మీద ఎందుకని మొదటి మీటింగులో గొడవ పడ్డవాళ్ళని రెండో మీటింగులో కూర్చోబెట్టింది ఆయనే. కాకపోతే ఆయనకి ఏ పనైనా తెమిలిపోవాలి.

"నేను కాదంటన్నానా? పేరుంటే రాయించు. లేకపోతే ఆ రాయి మీద ఖాళీ వదిలితే ఊరికి ముందు పన్ను ఊడినట్టుంటది. శుక్రవారం సాయంత్రం దాకా చూస్తా. ఆ తర్వాత ఫోన్ చేసేది నేనే."

ఆయన వెళ్ళాక సంతోషకుమారి జరిగినదంతా క్రిస్టీనాకి చెప్పింది. ఆ ముసలామె తాడు పేనడం, మూడుసార్లు గుంజడం, గట్టెక్కిన జనం. చుట్టూ ఉన్న ఆడవాళ్ళ చేతులు ఆగిపోయాయి. ఆ జనంలో వాళ్ళ అమ్మమ్మలూ నాయనమ్మలూ ఉన్నారు.

"రేపు మళ్ళీ వెళ్తాను. ఇంకోలా అడిగి చూస్తాను" అంది సంతోషకుమారి.

"నీకెప్పుడూ అడగడమే వదినా. ఆ బావి కోసం మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి, గుక్కెడు నీళ్ళు తాగలేదంటన్నావ్. ఆ నీళ్ళు తాగిపొమ్మని పిలవాలని తోచలేదా నీకు?"

చదువుకున్న ఆడబిడ్డని నలుగురిలో అంత మాట అన్నందుకు క్రిస్టీనాయే కాస్త తగ్గి, గోతం మూతి కుట్టడంలో పడింది. సంతోషకుమారి మాత్రం చాలాసేపు తాలు ఏరుతూ కూర్చుంది. ఆ మాట నిజం.

గురువారం బడి నుంచి నాగజ్యోతికి ఫోన్ చేసింది. "నాయనమ్మని తీసుకురా. బావి చూపిస్తాను, మా ఇంట్లో భోజనం చేసి వెళ్దురు గాని. పేరు అడగనని చెప్పు. ఒట్టు వేశానని చెప్పు."

ఒట్టంటూ వేశాక ఇక అడగడానికి లేదు. ఆ ఖాళీ వరసలో 'ఒక వడ్డె కూలీ' అని పడబోతోందని ఆవిడకి తెలుసు. అయినా పిలుపు వెనక్కి తీసుకోలేదు.

*

శుక్రవారం పొద్దెక్కేసరికి, దర్శిలో బస్సు దిగి వాళ్ళెక్కిన ఆటో వచ్చింది. పేరమ్మ కొత్త చీర కట్టుకుంది. మడత గీతలు ఇంకా పోలేదు. ఆటో దిగి నిలబడి ఊరిని ఒక చివర నుంచి ఇంకో చివరికి చూసింది. మిద్దెలు, సెల్ టవరు, ఎర్రగా పరుచుకున్న కల్లాలు.

"ఇంత ఊరయిందా!" అంది.

బావి దగ్గర చెంచురామయ్య సున్నం వేయిస్తున్నాడు. వచ్చిన ముసలామె ఎవరో సంతోషకుమారి చెప్పగానే ఆయన వెళ్ళి, గిలక మీద తాడు వేసి, తానే చేద దించాడు. మోకాళ్ళ నొప్పుల మనిషి, సాయానికి వచ్చిన సున్నం మేస్త్రిని కర్రతో పక్కకి తోశాడు. పేరమ్మ ఆయన మొహం చూడలేదు. తాడునే చూసింది. బరువెక్కి బిగుసుకోవడం, కాస్త కాస్తగా పైకి రావడం.

దోసిలి పట్టింది. ఆయన పోశాడు. రెండు గుక్కలు తాగి, ఆగి, నాలుకతో పెదాలు తడుపుకొని, మళ్ళీ పట్టింది. ఈసారి చివరిదాకా తాగింది.

"తియ్యగానే ఉన్నాయి. ఆయన అన్నట్టే."

"నాకు లీలగా గుర్తుందమ్మా" అన్నాడు చెంచురామయ్య. "నేనప్పుడు చిన్నపిల్లాణ్ణి. ఎర్ర తలగుడ్డ చుట్టుకునేవాడు."

"ఎర్రదే!" పేరమ్మ మొహం విప్పారింది. "మా పెళ్ళి పంచె అంచు చించి చుట్టుకున్నాడు. నీకెట్టా గుర్తుంది నాయనా?"

కల్లంలోంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ చేరారు, చీరలకి మిరప గింజలతోనే. క్రిస్టీనా అడిగింది, "నీ కాపురం ఎక్కడ పెట్టారవ్వా?"

"అదిగో, ఆ కరెంటు స్తంభం దగ్గర. నాలుగు తాటాకులు, ఓ గోతం పట్టా. పెళ్ళయిన వారానికే పనిలోకి తీసుకొచ్చారు. తలుపు కూడా లేదు ఆ గుడిసెకి."

"మరి నీ చేత పేరు చెప్పించిందెవరు?"

"తలుపే లేకపోతే అడ్డమెవరు నిలబడతారే? మారుమనువుకి అసలే అడగరు. చీకటి పడ్డాక చీర పెట్టి తీసుకుపోయారు. నాకా ముచ్చటే లేదు" అని పేరమ్మ నవ్వేసింది.

ఆడవాళ్ళెవరూ నవ్వలేదు. కొత్త కోడలు గడపలో అడుగుపెట్టేటప్పుడు ఆడబిడ్డలు తలుపుకి అడ్డం నిలబడి, మొగుడి పేరు చెప్తేగాని లోపలికి రానివ్వకపోవడం ఏ ఇంట్లోనైనా ఉన్నదే. పల్లెలో చర్చి పెళ్ళిళ్ళకీ అంతే. జన్మలో మొగుడి పేరు ఎత్తని మనిషి కూడా ఆ ఒక్కసారి ఎత్తుతుంది.

భోజనానికి సంతోషకుమారి ఇంటికి నడిచారు. క్రిస్టీనా, కల్లంలో ఆడవాళ్ళూ ముందు పోయారు, విస్తళ్ళు వేస్తామని. మర్యాదకి వెంట వచ్చిన చెంచురామయ్య వాకిట్లో పందిరి కింద ఆగాడు. పేరమ్మ కాళ్ళు కడుక్కొని మెట్టెక్కేసరికి, గుమ్మానికి అటూ ఇటూ చేతులు చాపి క్రిస్టీనా నిలబడి ఉంది. ఆమె వెనక ఇంకో అయిదారు తలలు.

"పేర్లు చెప్తేగాని లోపలికి రానివ్వం."

"క్రిస్టీనా!" సంతోషకుమారి గబగబా ముందుకొచ్చింది. "ఏంటా పని? నేను ఒట్టు వేశాను."

"నువ్వు వేశావ్ వదినా. నేను వెయ్యలా." పేరమ్మ వైపు తిరిగేసరికి క్రిస్టీనా గొంతు మారింది. "అవ్వా, నీ గుడిసెకి తలుపు లేదన్నావు. ఇదిగో తలుపు. ఆడబిడ్డలం మేం. ఇష్టమైతేనే చెప్పు. చెప్పకపోయినా పప్పు చల్లారకముందే లోపలికి పిలుస్తాంలే."

"జరగండే! ముసలిదాన్ని. ఆకలేస్తంది" అంది పేరమ్మ. గొంతు కసురుతోంది గాని కళ్ళు కసరడం లేదు. నాగజ్యోతి వైపు చూసింది. నాగజ్యోతి "చెప్పు నాయనమ్మా. తాత ఏమీ అనుకోడులే" అంది.

పేరమ్మ గడప వంక చూసింది. తర్వాత పైట కొంగు తల మీదికి లాక్కుంది. తల దించింది. కుడిచెయ్యి ద్వారబంధం మీద ఆనించింది. ఎడమచెయ్యి కాస్త పక్కకి చాపింది, అక్కడెవరో ఉన్నట్టు.

"నేనూ... వల్లెపు అంకయ్యా వచ్చాం. తలుపు తియ్యండి."

గొంతులోంచి గాలి మాత్రమే వచ్చింది. ఇలాంటప్పుడు ఎవరైనా అనే మాటే క్రిస్టీనా అలవాటు కొద్దీ అనేసింది.

"వినపళ్ళా. గట్టిగా."

"నేనూ వల్లెపు అంకయ్యా వచ్చాం!" అంది పేరమ్మ, సిగ్గుతో, కోపంతో, వీధిలోకి వినిపించేలా.

క్రిస్టీనా చేతులు దింపింది. ఎవరో పసుపుకుంకుమ కోసం వెతికి, ఇది క్రైస్తవుల ఇల్లని గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నారు. చివరికి గుప్పెడు మల్లెపూలు దొరికితే అవే పేరమ్మ కొప్పులో తురిమి లోపలికి తీసుకెళ్ళారు. ఇన్నేళ్ళుగా ఎవరి మాటా రికార్డు చెయ్యకుండా వదలని సంతోషకుమారి ఫోన్ ఆమె సంచిలోనే ఉండిపోయింది. ఆవిడ ద్వారబంధం మీద పేరమ్మ చెయ్యి ఆనిన చోట తన చెయ్యి ఆనించి నిలబడింది.

వాకిట్లోంచి చెంచురామయ్య గొంతు వినిపించింది. ఫోన్‌లో మాట్లాడుతున్నాడు, గట్టిగా, పొలంలో మనిషిని పిలిచినట్టు.

"బాషా! ఆ వరసలో చెక్కు. వల్లెపు అంకయ్య... కూలీ ఏందయ్యా, అంకయ్య! ఆఁ. పక్కన గారు అని పెట్టు."

అవతల నుంచి బాషా ఏదో అన్నాడు.

"తెలుసు, మా నాయనకీ లేదు గారు. చోటు చాలకపోతే చాలేట్టు చెక్కు. గారు ఉండాల్సిందే."

లోపల పేరమ్మ పప్పన్నం కలుపుకుంటూ, పప్పు బాగా ఉడికిందని క్రిస్టీనాతో అంటోంది.

మీరెప్పుడైనా ఆ దారిన వస్తే, రేగడిపాలెం స్టాపు దాటగానే ఎడమ చేతి వైపు సున్నం వేసిన బావిగట్టు, దాని పక్కన పొడుగాటి రాయి కనిపిస్తాయి. బస్సు దిగక్కర్లేదు. కిటికీలోంచి చూసి, వల్లెపు అంకయ్య అని ఒక్కసారి పైకి అనండి. ఆయన్ని గుర్తుంచుకోండి. ఆయన భార్య ఆ పేరు జన్మలో రెండేసార్లు పలికింది. మనకి ఆ అడ్డం లేదు.